ఆమె తినిందా?

మా ఇంట్లో తాబేలును ఆమె అంటారు. మర్యాద కోసం కాదు, కన్నడంలో దాని పేరే అది. మా తాత కడప జిల్లా నుంచి బట్టల మూటతో కన్నడ సీమకు వచ్చి చిక్కపేటలో స్థిరపడ్డప్పటి నుంచి, కన్నడం మాటలు మా తెలుగులోకి చెప్పాపెట్టకుండా వచ్చి కూర్చున్నాయి. పిచ్చుకను గుబ్బి అనేవాళ్ళం. ఉడతను అళిలు అనేవాళ్ళం. తాబేలు అనే మాట నేను మొదట చూసింది స్కూలు తెలుగు వాచకంలో, బొమ్మ కింద. బొమ్మ అచ్చం ఆమెలాగే ఉందే, దీనికి ఇంకో పేరెందుకు పెట్టారో అనుకున్నాను.

కన్నడం వాళ్ళకు దీంతో చిక్కేమీ లేదు. ఆడమనిషి వస్తే ఒక రకంగా అంటారు, తాబేలు వస్తే ఇంకో రకంగా అంటారు. మన తెలుగుది మహా ఉదార స్వభావం. అత్త వచ్చింది, ఆవు వచ్చింది, వాన వచ్చింది, తాబేలు వచ్చింది. అందరికీ ఒకటే క్రియ. చిన్నప్పుడు వ్యాకరణం క్లాసులో ఇది చెబుతుంటే నేను ఆవలించాను. ఈ ఒక్క క్రియ పుణ్యమా అని ఒక పంచాయితీ ప్రొద్దుటూరులో బస్సెక్కి మా ఇంటికి వస్తుందని ఆ రోజు టీచరు చెప్పి ఉంటే కొంచెం శ్రద్ధగా వినేదాన్ని.

మా ఇంట్లో ఇంకో ఆమె కూడా ఉండేది. మా అమ్మ.

నాయన అమ్మను పేరు పెట్టి పిలవగా నేనెప్పుడూ వినలేదు. భార్య పేరు నోట్లోంచి బయటికొస్తే పళ్ళు కూడా దాంతోపాటే వస్తాయని ఆ తరం మగవాళ్ళకు భయమేమో. "ఆమెను అడుగు", "ఆమె ఏమంటాదో", "ఆమెకు చెప్పినావా". అంతే. నాయన చిక్కపేటలో ఒక చీరల అంగట్లో సేల్స్‌మన్. పొద్దంతా ఊళ్ళోవాళ్ళ భార్యలకు చీరలు విప్పి చూపించి, సాయంత్రం ఇంటికొచ్చి, గడపలో చెప్పులు విడుస్తూ నన్ను ఒకే ఒక మాట అడిగేవాడు.

"ఆమె తినిందా?"

తినలేదని ఆయనకూ తెలుసు. ఆయన రాకముందు అమ్మ తినదు. అయినా అడిగేవాడు. "తినలేదు నాయనా" అంటే, "అయితే ఇద్దరికీ పెట్టు" అనేవాడు. వాళ్ళిద్దరి మధ్య ప్రేమ అనే పదార్థం నా కంటికి కనిపించింది ఆ గడప దగ్గరే.

తొంభైల చివర, ఒక ఎండాకాలం, అమ్మ పోయింది. దాంతో ఆ ప్రశ్న కూడా పోయింది. నాయన గడపలో చెప్పులు విడిచేవాడు, అలవాటు కొద్దీ నోరు తెరిచేవాడు, మళ్ళీ మూసుకునేవాడు. నేను పొయ్యి వైపు తిరిగి నిలబడేదాన్ని. కంచం ముందు కూర్చుని నాలుగు మెతుకులు కెలికి లేచిపోయేవాడు. పప్పు మార్చాను, పచ్చడి మార్చాను, సంగటి చేశాను, హోటలు నుంచి మసాలా దోసె తెచ్చి పెట్టాను. దోసెను పరాయి మనిషిని చూసినట్టు చూశాడు. చొక్కాలు ఒంటి మీద వేలాడుతున్నాయి. మా వీధి డాక్టరు, "తింటే ఏమీ లేదమ్మా, తినకపోతేనే కష్టం" అని పెద్ద రహస్యం చెప్పినట్టు చెప్పి పంపించాడు.

ప్రొద్దుటూరులో మా మేనత్త ఉంది. నాయనకు అక్క. ఆమె వీధిలోకి వస్తే కుక్కలు కూడా ఏదో పనున్నట్టు పక్క సందులోకి వెళ్ళిపోతాయి. ప్రతి ఆదివారం ఫోను చేసేది.

"వాడు తింటాండాడా లేదా?"

"కొంచెం తింటున్నాడత్తా."

"కొంచెమంటే కాకికి పెట్టినంతా? ఇంగొక నెల చూస్తా. అప్పటికీ ఇట్లే ఉంటే నేనే వచ్చి ఎత్తకపోతా. ఈడ నా కళ్ళ ముందర పడుంటాడు."

నాయనకు ఈ ఇల్లు విడిచిపోవడం ఇష్టం లేదు. అమ్మ తిరిగిన ఇల్లు. ఆ సంగతి నాకు తెలుసు, గోడలకు తెలుసు. అత్తకు తెలియాలంటే ఆయన నోరు తెరవాలి. ఆయన తెరవడు. గోడకు చేరగిలి, తన గురించి కాదన్నట్టు వింటూ కూర్చునేవాడు. అత్త అన్నంత పనీ చేస్తుందని నాకు భయంగా ఉండేది. అక్కడికి పోతే నాయన ఒక మూట లాగా ఒక మూలన ఉండిపోతాడని ఇంకా భయంగా ఉండేది.

ఆ వానాకాలం చిక్కపేటలో మోరీ కాలువలు పొంగాయి. ఏ చెరువులోనో ఉండాల్సిన ప్రాణి ఎట్లా వచ్చిందో గాని పట్టుచీరల వీధిలోకి వచ్చింది. శ్రావణమాసం బేరాలు బాగుంటాయని విని ఉంటుంది. సామాను లాక్కుపోయే తోపుడుబండి చక్రం దాని వీపు మీదికి ఎక్కింది. హమాలీలు "ఆమె! ఆమె!" అని కేకలు వేస్తుంటే, నాయన బుజం మీద సగం విప్పిన చీరతోనే వానలోకి పరుగెత్తాడట.

సాయంత్రం గడపలో చెప్పులు విడవకుండానే నిలబడ్డాడు. చేతిలో అంగడి సంచి. సంచి మీద ఒంటి నిండా నగలు పెట్టుకున్న పెళ్ళికూతురు సిగ్గుపడుతూ నవ్వుతోంది. లోపలి నుంచి మోరీ కంపు వస్తోంది.

"పాపా, బాత్రూములో బకెట్లు తీసెయ్. ఆమెకు జాగా కావల్ల."

అమ్మ పోయినాక నాయన నాతో మాట్లాడిన అతి పొడవైన మాట అది. నేను ఏమిటని కూడా అడగకుండా బకెట్లు తీసేశాను.

పశువుల డాక్టరు పొద్దంతా ఆవులకు సూదులు వేసి విసిగిపోయిన మనిషి. ఆమెను చూసి ఆయన ముఖం వెలిగింది. పగిలిన చిప్పను కడిగి, కార్ల సొట్టలు పూడ్చే లప్పం లాంటిదేదో పూసి, పైన పట్టీ వేశాడు. "ఇవి ఇంట్లో పెంచుకోకూడదు, చట్టం ఒప్పుకోదు. మానేదాకా ఉంచండి, మానినాక మంచి చెరువు చూసి వదిలేయండి" అన్నాడు. తర్వాత ఒక్క క్షణం ఆగి, "తింటే బతుకుతుంది. తినకపోతే నేను చేసేదేమీ లేదు" అన్నాడు.

నేను నాయన వైపు చూశాను. నాయన సంచిలోకి చూస్తున్నాడు.

ఆమె తినలేదు. బాత్రూము మూలన తల లోపలికి లాక్కుని రాయిలా కూర్చుంది. నాయన పీట తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాడు. పాత పేపరు పరిచాడు. దాని మీద పాలకూర, టమోటా, దోసకాయ ముక్కలు వరసగా పెట్టాడు. తర్వాత అంగట్లో వాడే గొంతు ఒకటుంది ఆయనకు, ఎక్కడ దాచాడో ఇన్నాళ్ళూ, అది బయటికి తీశాడు.

"చూడమ్మా, ఇది లేత పాలకూర. ఈ పొద్దే వచ్చిండాది. నచ్చకపోతే వద్దు. ఊరికే చూడు. చూసేదానికి ఏముండాది?"

తల బయటికి రాలేదు.

"సరే, పచ్చ వద్దు. కొంచెం ఎరుపులో చూపిస్తా." టమోటా ముక్కను వెలుతురుకు తిప్పాడు. "ఎట్ల మెరస్తా ఉండాదో చూడు. ఇట్లాంటి రంగు మళ్ళా రాదు."

నేను తలుపు వెనక నోట్లో కొంగు కుక్కుకున్నాను. ఆఖరికి ఆగలేక, "నాయనా, అది కొనదు" అన్నాను.

"కొననని చెప్పలేదు కదా? లేచి పోలేదు కదా? లేచి పోని బేరం ఎప్పటికైనా కొంటాదప్పా" అన్నాడు, నా వైపు తిరగకుండా.

మరుసటి రోజు కొత్త పద్ధతి మొదలైంది. తినడం ఎట్లాగో మరిచిపోయిందేమో, చూపిస్తే గుర్తొస్తుందని నాయన లెక్క. తన అన్నం కంచం బాత్రూములోకి తీసుకుపోయాడు. ముద్ద కలిపి, ఆమెకు చూపించి, నోట్లో పెట్టుకుని, బాగా నమిలి, మింగి, ఖాళీ నోరు తెరిచి చూపించాడు. "ఇట్ల. కష్టమేముండాది ఇందులో?"

నేను ఈ అవకాశం వదులుకోలేదు. గరిటె పట్టుకుని తలుపు దగ్గరే కాపు కాశాను. "ఆమె సరిగ్గా చూసినట్టు లేదు నాయనా, ఇంకొంచెం తిని చూపించు." చూపించాడు. "పప్పన్నం అర్థమయింది గాని పెరుగన్నం అర్థం కానట్టుంది." అదీ చూపించాడు. ఆ వారం నాయన తిన్నదంతా ఒక తాబేలుకు చదువు చెప్పడానికి తిన్నదే. చదువు మాత్రం ఎక్కలేదు. ఆమె ఆ మూల నుంచి కదల్లేదు.

పశువుల డాక్టరును అడిగితే, ఎండు రొయ్యలు పెట్టి చూడమన్నాడు. మా ఇంట్లో గుడ్డు పేరు కూడా గట్టిగా పలకరు. నాయన చేపల అంగళ్ళ వీధి వాసన తగలకుండా ఊరంతా చుట్టి పోయే మనిషి. ఆ మనిషి పోయి ఎండు రొయ్యలు కొని, పేపర్లో చుట్టి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, దాన్ని చీరల అట్టపెట్టెలో పెట్టి, చెయ్యి ముందుకు చాపి పట్టుకుని ఇంటికి తెచ్చాడు. మా వంశం మొత్తం మీద మొదటి నీచు అది. ముక్కుకు తువ్వాలు కట్టుకుని ఒక రొయ్యను పేపరు మీద పెట్టాడు.

చాలాసేపటికి చిప్పలోంచి ముందు ముక్కు వచ్చింది. తర్వాత కళ్ళు. తర్వాత ముడతలు పడ్డ మెడ. టక్కున రొయ్య మాయమైంది.

"తీసుకునింది! పాపా, తీసుకునింది!" నాయన కేక వీధి చివరి వరకు వినిపించింది. పెళ్ళి పట్టు మొత్తం ఒకే బేరంలో పోయినప్పుడు కూడా ఆయన అంత కేక వేసి ఉండడు.

ఆ మరుసటి సాయంత్రం నేను వంటింట్లో ఉన్నాను. గడప దగ్గర చెప్పులు విడిచిన చప్పుడయింది.

"ఆమె తినిందా?"

గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. ఆ ప్రశ్న మళ్ళీ ఈ ఇంట్లో వింటానని అనుకోలేదు. ఏడుపు వచ్చింది, నవ్వు వచ్చింది, పప్పు అడుగంటింది. ముక్కు తుడుచుకుని, "తినింది నాయనా" అన్నాను. "అయితే నాకూ పెట్టు" అన్నాడు.

ఆ ఆదివారం అత్త ఫోను నాయనే ఎత్తాడు. అదే ముప్పు తెచ్చింది.

"బాగుండానక్కా. తింటా ఉండా. ఆమె వచ్చినాక బాగా తింటా ఉండా."

అవతల అత్త అందుకుంది. "ఎవురు వచ్చినాక?"

"ఆమే. చిక్కపేటలో దొరికింది. వానలో మోరీ పక్కన దెబ్బ తగిలి పడిపోయింటే ఎత్తుకోని ఇంటికి తెచ్చేసినా. పాపం, దానికి మాత్రం ఎవురుండారు? బాత్రూములో పెట్టుకోనుండా." నాయన ఫోను వైపు చూశాడు. "లైను కట్టయింది."

లైను కట్టవలేదు. అత్త ఫోను పెట్టేసి బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టింది.

తర్వాతి ఆదివారం పొద్దున్నే అత్త మా గేటు ముందు దిగింది. వెంట వరసకు ఆమె మరిది, ప్రొద్దుటూరులో భార్యాభర్తల తగువులు తీర్చే పెద్దమనిషి, బుజం మీద కండువాతో. నాయన పాలకూర కోసం మార్కెట్‌కు పోయి ఉన్నాడు. నేను లోపల మా స్కూలు పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. పైన అద్దెకుండే గుంటూరు అమ్మాయి, మొగుడు వైట్‌ఫీల్డ్ వైపు ఎక్కడో సాఫ్ట్‌వేర్, గేటు పక్కన బట్టలు ఆరేస్తోంది. అత్త విచారణ అక్కడే మొదలుపెట్టింది. కిటికీలోంచి నాకు వినిపిస్తూనే ఉంది గాని, నాకు ఆమె అంటే తాబేలే కదా, తేడా తోచలేదు.

"ఏమ్మా, ఈ ఇంట్లో ఆమె ఎవురో ఉండాదంట, నిజమేనా?"

"ఉన్నారండీ, పాపం. నేను ఎప్పుడూ చూళ్ళేదు, బయటికి రారు. వీపుకి దెబ్బంటండీ. బండి ఎక్కేసిందంట. డాక్టర్ ఏదో సిమెంట్ లాంటిది వేశారంట."

"చూసుకునేదెవురు?"

"అంకులేనండీ. దగ్గర కూర్చుని తినిపిస్తారు. బాత్రూమ్ వెంటిలేటర్లోంచి మా ఇంట్లోకి అంతా వినిపిస్తుంది కదా. 'చూడమ్మా, నచ్చకపోతే వద్దు' అని ఎంత ముద్దుగా అడుగుతారనుకున్నారు? మా ఆయనకి రోజూ చెప్తున్నాను, అంకుల్ని చూసి నేర్చుకోండి అని."

అత్త ఇంట్లోకి తుపాను వచ్చినట్టు వచ్చింది. "యాడుందే ఆమె?"

నేను ఇంకా పేపర్లలోంచి పూర్తిగా బయటికి రాలేదు. అడిగిందానికి జవాబు చెప్పాను. "బాత్రూములో ఉందత్తా."

అత్త గుండెల మీద చెయ్యి వేసుకుంది. అప్పుడు వెలిగింది నాకు. "అయ్యో, అత్తా! ఆమె అంటే తాబేలు!"

అత్త మరిది వైపు తిరిగింది. "చూసినావా? నాయనను కాపాడేదానికి ఎంత మాట అంటాందో!"

పెద్దమనిషి గడ్డం నిమిరాడు. "తాబేలంటాండారంటే... నిదానస్తురాలేమో వదినా."

"నీచు వాసన గూడా వస్తాంది! మన ఇంట్లో!" అత్త ముక్కు ఎగబీల్చింది. "ఏ ఇంటిదో, ఏమో!"

తలుపు తీసి చూపిస్తే రెండు నిమిషాల్లో తేలిపోయేది. కానీ నాకు ఒళ్ళు మండింది. నాయన గురించి అంత మాట అనుకుని, అది తేల్చడానికి ఇంకో మనిషిని వెంటబెట్టుకుని బస్సెక్కి వచ్చారు కదా. సరే, వచ్చింది పంచాయితీకే కాబట్టి పంచాయితీ జరగనీ అని ఇద్దరికీ మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టాను. అత్త రెండుసార్లు బాత్రూము తలుపు దాకా పోయి వెనక్కి వచ్చింది. లోపల ఆడమనిషి ఉన్న బాత్రూము తలుపు ఎట్లా తీస్తుంది? ఎంత కోపమున్నా మర్యాద మర్యాదే.

నాయన పాలకూర కట్టతో వచ్చాడు. అక్కను చూసి సంతోషపడ్డాడు.

"ఆమెను బయటికి పిలువు," అంది అత్త.

"పిలిస్తే రాదక్కా. కొత్తవాళ్ళుంటే తల బయట పెట్టదు."

"మర్యాదస్తురాలే," అన్నాడు పెద్దమనిషి, తనలో తాను అనుకున్నట్టు.

"నువ్వు నోరు మూసుకో!" అని మరిదిని కసిరి, అత్త తమ్ముడి వైపు తిరిగింది. "ఒరే, ఆమె పోయి ఏడు తిరగలేదు. అప్పుడే ఇంగొక ఆమెనా?"

నాయన చేతిలో పాలకూర కట్ట కిందికి జారింది. ఒక్కసారిగా ఆయనకు అర్థమయింది. నాకు అంతవరకూ ఉన్న నవ్వంతా పోయింది. ఆ మాట ఆయనకు ఎక్కడ తగిలిందో ముఖంలోనే కనిపించింది. లోపలికి పోయి, రెండు చేతుల మీద ఆమెను తీసుకొచ్చి, హాలు మధ్యలో, అక్క కాళ్ళ ముందు పెట్టాడు.

కాసేపటికి ఆమె తల బయట పెట్టి అత్త ముఖంలోకి చూసింది. అత్త ఆమె ముఖంలోకి చూసింది. మెట్ల మీద నిలబడ్డ గుంటూరు అమ్మాయి, "అమ్మో, ఈమేనా ఆమె!" అంది.

అత్త నేల మీద చతికిలబడి, తమ్ముడి చెయ్యి పట్టుకుని, కాసేపు ఏడ్చి, కాసేపు నవ్వి, కళ్ళు తుడుచుకుంది. తుడుచుకోవడం అయ్యాక మళ్ళీ అత్త అయిపోయింది.

"ఆడది కాకపోతే పాయె. తాబేలు మాత్రం మంచిదా? తాబేలు చొచ్చిన ఇల్లు, అమీనా చొచ్చిన ఇల్లు బాగుపడవని పెద్దోళ్ళు ఊరికే అన్నారా? ఇప్పుడే తీసకపోయి వదిలెయ్."

అమీనా అంటే జప్తుకు వచ్చే కోర్టు బంట్రోతు. అంత దూరం వచ్చి తీర్పు చెప్పకుండా వెళ్ళాల్సి వస్తుందేమోనని దిగులుగా కూర్చున్న పెద్దమనిషికి ప్రాణం లేచొచ్చింది. కండువా సర్దుకున్నాడు.

"ఉండు వదినా. సామెతలో ఏముంది? చొచ్చిన ఇల్లు అని ఉంది. ఇది చొచ్చిందా, తెచ్చినారా?"

"తెచ్చారు. సంచిలో," అన్నాను.

"పెళ్ళికూతురు బొమ్మ ఉన్న సంచిలోనండీ," అంది గుంటూరు అమ్మాయి. సంచి అప్పుడు పెరట్లో తీగ మీద ఆరుతోంది.

"అయితే ఇది చొచ్చినట్లు కాదు," అన్నాడు పెద్దమనిషి. "అడుగు పెట్టినట్లు."

అత్తకు ఎదురు చెప్పడానికి ఏమీ దొరకలేదు. నా జీవితంలో అట్లా జరగడం చూసింది ఆ ఒక్కసారే. కానీ ఓడిపోయి ఊరుకునే మనిషి కాదు, షరతు పెట్టింది. గాయం మానేదాకా తాబేలు ఉండొచ్చు. "అది పోయినాక నువ్వు మళ్ళా మెతుకు ముట్టకుంటే మాత్రం, మాట్లాడకుండా నాతో వచ్చేయాల. ఈయప్ప సాక్షి." నాయన తల ఊపాడు. గాయం మానాలని అప్పటిదాకా మొక్కుకున్నదాన్ని, ఆ రోజు నుంచి నిదానంగా మానాలని మొక్కుకున్నాను.

పెద్దమనిషి వెళ్ళిపోయాడు, అత్త ఉండిపోయింది. మొదట ఆమెను కన్నెత్తి చూడలేదు. తర్వాత, "ఏమ్మే, తింటావా లేదా, మాకు వేరే పనుల్లేవా?" అని కసరడం మొదలుపెట్టింది. ఆమె అత్తకు భయపడో ఏమో, పెట్టిందల్లా తినేది. నాయన కూడా అంతే. అట్లా కుదిరిపోయిన ఇంట్లో, పట్టీ తీయడానికి వచ్చిన పశువుల డాక్టరు ఆమెను తిరగేసి, తోక చూసి, "ఇది మగది కదా" అన్నాడు.

నాయన ఒక్క క్షణం ఆలోచించాడు. "ఉండనీ సార్. పేరు ఆమే కదా."

అత్తకు మాత్రం అది చిన్న విషయం కాలేదు. "మగోడుండే చోట నేను నీళ్ళు పోసుకోను" అని తేల్చి చెప్పింది. అప్పటి నుంచి రోజూ పొద్దున అత్త స్నానం ముగిసేదాకా ఆమె పెరట్లో బకెట్టులో ఉండేది. అత్త ప్రొద్దుటూరు బస్సెక్కేదాకా ఇదే పద్ధతి నడిచింది. బస్సు కదులుతుంటే కిటికీలోంచి తల బయట పెట్టి, "షరతు గుర్తుండాదా?" అని అరిచింది.

చలికాలానికి చిప్ప అతుక్కుంది. కాడుగోడి అవతల బాగా నీళ్ళున్న చెరువు ఒకటుందని పైనింటి అమ్మాయి మొగుడు చెప్పాడు. ఒక సెలవు రోజు నేనూ నాయనా ప్యాసింజరు రైలెక్కాం. ఆమె అదే సంచిలో, పెళ్ళికూతురి వెనక. ఎదుటి సీటులో పెద్దావిడ సంచి కదలడం చూసి, పక్కకు జరిగి, ఇంకా జరిగి, చివరికి వేరే పెట్టెలోకి వెళ్ళిపోయింది.

చెరువు గట్టు మీద నాయన ఆమెను తడి మట్టిలో దింపాడు. పక్కన పీట లేదు గాని అట్లాగే గొంతుక్కూర్చున్నాడు. "ఇది చూడమ్మా. నీళ్ళు బాగుండాయి. నచ్చకపోతే వద్దు, ఊరికే చూడు."

ఆమె ఈసారి ఎక్కువసేపు బేరమాడలేదు. నీళ్ళలోకి దిగిపోయింది. "మళ్ళా రాండి," అన్నాడు నాయన, అలవాటు కొద్దీ. నీళ్ళు కదలడం ఆగిపోయేదాకా అక్కడే ఉన్నాం.

కాడుగోడి స్టేషనులో బెంచీ మీద కూర్చున్నాం. నాయన ఒడిలో ఖాళీ సంచి మడత పెట్టి ఉంది. ఒక్క మాట లేదు. నాకు ఆ మౌనం తెలుసు. ఎండాకాలమంతా దాంతోనే కాపురం చేశాను. ఈ సాయంత్రం గడపలో చెప్పులు విడిచి మళ్ళీ నోరు మూసుకుంటాడు, కంచంలో మెతుకులు కెలుకుతాడు, అత్త ఫోను చేస్తుంది. ఏం చెప్పను? అబద్ధం చెప్పినా ఆవిడ పసిగడుతుంది.

ఉడకబెట్టిన సెనక్కాయలు అమ్మేవాడు వచ్చాడు. నాయన చెయ్యెత్తి పిలిచి ఒక పొట్లం తీసుకున్నాడు. ఒక కాయ చేతిలో పట్టుకుని, నలపకుండా, చూస్తూ కూర్చున్నాడు.

"ఆమెకు ఇవంటే ప్రాణం."

"సెనక్కాయలా?" అన్నాను. "ఎప్పుడు పెట్టావు నాయనా? రొయ్యలూ టమోటాలే కదా తినేది."

నాయన నా వైపు తిరిగాడు. "ఆ ఆమె కాదు పాపా."

ఆగిపోయాడు. ఏ ఆమెనో చెప్పాలి. ఇన్నేళ్ళూ ఆ ఒక్క మాటతోనే సంసారం చేసిన మనిషికి ఇప్పుడు ఆ మాట చాలడం లేదు. దానికి ఇంకో హక్కుదారు వచ్చి, చెరువులోకి దిగి, దాన్ని కూడా తీసుకుపోయింది. పెదవులు కదిలించాడు, మూశాడు, మళ్ళీ కదిలించాడు. అప్పుడు, నేను పుట్టినప్పటి నుంచి ఒక్కసారి కూడా ఆయన నోట విననిది, మా అమ్మ పేరు, చెప్పాడు.

మెల్లగా, తప్పు పలుకుతానేమోనన్న భయంతో, అక్షరం అక్షరం చెప్పాడు. ఆ పేరు ఇక్కడ రాయను. అది ఆ రోజు ఆయనది.

"పెండ్లయిన కొత్తల్లో ఈ రైల్లోనే వచ్చినాము ఇద్దరమూ," అన్నాడు. "దోవ పొడుగూతా సెనక్కాయలే. తొక్కలు కింద వేస్తే ఎవురైనా ఏమన్నా అంటారని, నాకు తెలీకుండా నా చొక్కా జేబులో వేసేసింది. తెల్లారి అంగట్లో చీర విప్పతా వంగితే అన్నీ కస్టమరు మీద పడినాయి." ఆ పేరు మళ్ళీ అని నవ్వాడు. నవ్వుతూనే కాయ నలిపి, గింజలు నోట్లో వేసుకున్నాడు.

నేను ఏడుస్తున్నది ఆయన చూడలేదు. ఇంకో కాయ వెతుక్కుంటున్నాడు.

రైలు సిటీ స్టేషను చేరేసరికి పొట్లంలో కాయలు లేవు. అత్త అడిగితే చూపించడానికి నా దగ్గర సాక్ష్యం ఉంది. నాయన చొక్కా జేబు నిండా తొక్కలు.